తప్పు నొక్కితేనే వినిపించే గొంతు

పెద్ద సిస్టర్ ఇక లేరు. ఆదివారం పొద్దున, మలక్‌పేటలోని తన ఇంట్లో, చర్చికి వెళ్లడానికి తయారై, చెప్పులు వేసుకోవడానికి కుర్చీలో కూర్చున్నవారు అలాగే పక్కకు ఒరిగిపోయారట. కబురు నాకు నస్రీన్ ఫోన్‌లో చెప్పింది. అప్పుడు నేను జహనుమా నుంచి శాలిబండకు వచ్చే షేర్ ఆటోలో ముగ్గురి మధ్య ఇరుక్కుని, ఒళ్లో టిఫిన్ డబ్బా పట్టుకుని ఉన్నాను. "అక్కా, పెద్ద సిస్టర్ పోయిన్రు. నువ్వు జల్దీ రా. నాకు చేతులు ఆడుతలేవ్" అంది.

మీకు ఒక నిజం చెప్పాలి. ఆ మాట వినగానే నాకు ఏడుపు రాలేదు. భయం వేసింది. రేపటి నుంచి నా లెక్క ఎవరు చూస్తారు అన్నదే నాకు తోచిన మొదటి ఆలోచన. పోయిన మనిషిని వదిలేసి నా సంగతి చూసుకున్నందుకు ఆటో దిగేదాకా సిగ్గుపడుతూనే ఉన్నాను. ఏడుపు తర్వాత వచ్చింది, ఆసుపత్రి మెట్ల దగ్గర, చెప్పులు విడుస్తుండగా.

మాది శాలిబండలో పదహారు మంచాల చిన్న పిల్లల ఆసుపత్రి. నస్రీన్, నేను అక్కడ నర్సులం. పెద్ద సిస్టర్ సర్కారు దవాఖానాలో పిల్లల వార్డు చూసి చూసి రిటైరయ్యాక, ఇంట్లో కూర్చోలేక, మా ఆసుపత్రిలో నర్సులందరికీ పెద్దగా వచ్చారు. రోజూ మలక్‌పేట నుంచి బస్సులో వచ్చేవారు. పొట్టి మనిషి. ఎడమ మణికట్టుకు గాజులు ఉండేవి కాదు. గాజులు ఉండాల్సిన చోట గాయాలకు అంటించే తెల్ల ప్లాస్టర్ చుట్ట తొడుక్కుని తిరిగేవారు. స్టీలు గ్లాసులో చాయ్ తాగేవారు. నడిచేటప్పుడు ఒక అరచెయ్యి గోడకు ఆనించి నడిచేవారు. మోకాళ్ల నొప్పులేమో అనుకునేదాన్ని. చాలా రోజులు అలాగే అనుకున్నాను.

పిల్లల వార్డులో పనిచేసేవాళ్ల భయం బయటివాళ్లకు చెప్పడం కష్టం. పెద్దవాళ్లకైతే చాలా మందులు ఒకటే కొలత. పిల్లలకు అలా కాదు. బిడ్డను తూచాలి, కిలోకు ఇంత అని లెక్క కట్టాలి, ఆంపుల్‌లో, అంటే మెడ విరిచి వాడే ఆ చిన్న గాజు బుడ్డిలో, ఎంత మందు ఉందో చదవాలి, అందులోంచి అంతే సిరంజిలోకి తీయాలి. పాయింటు ఒక్క గడి పక్కకు జరిగితే మందు పదింతలవుతుంది. సూది దిగాక వెనక్కి లాగడం ఎవరి తరమూ కాదు. అదేదో ఎప్పుడో ఒకసారి చేసే పని కూడా కాదు. రోజుకు ఇరవై సార్లు, ముప్పై సార్లు చేసే పని.

అలాంటి పనికి నాలాంటి దాన్ని పంపించాడు దేవుడు. చిన్నప్పుడు బడిలో లెక్కల సార్ మార్కులు పైకి చదివి, ఆ వరసలోనే మమ్మల్ని గోడ పొడవునా నిలబెట్టేవారు. ఆ వరసలో ఆఖరి చోటు నాది. నా పేరు వచ్చేసరికి క్లాసంతా ముందే నవ్వడానికి సిద్ధంగా ఉండేది. ఇప్పటికీ అంకెలు చూస్తే నాకు ఆ గోడే గుర్తొస్తుంది. నర్సు చదువు ఎలాగో గట్టెక్కించాను. పెళ్లి, పిల్లలు అంటూ తొమ్మిదేళ్లు పని మానేసి మళ్లీ వచ్చాను. వచ్చేసరికి నాకు గుర్తున్నవి మందుల పేర్లు, గుర్తులేనివి లెక్కలు.

పెద్ద సిస్టర్ మా దగ్గర ఒక పద్ధతి పెట్టారు. ఏ బిడ్డకు సూదిమందు ఇవ్వాలన్నా ఇద్దరు నర్సులు వీపులు ఆనించుకుని నిలబడాలి. ఎవరికి వారు లెక్క కట్టి, ఎడమచేతి మీద ప్లాస్టర్ ముక్క అంటించుకుని దాని మీద నంబరు రాసుకోవాలి. ఆమె "తిరుగున్రి" అంటే ఇద్దరూ ఒకేసారి తిరిగి చేతులు చూపించాలి. రెండూ కలిస్తే మందు వెళ్తుంది. కలవకపోతే మళ్లీ మొదటి నుంచి. తిట్టడం లేదు, ఎవరిది తప్పో డాక్టరుగారికి చెప్పడం లేదు. తప్పు వచ్చిన ప్లాస్టర్‌ను మాత్రం పారేయనిచ్చేవారు కాదు. మందుల బీరువా తలుపు లోపలివైపు అంటించమనేవారు. "పేరు రాయొద్దు. నంబరు చాలు" అనేవారు.

నేను మొదట్లో ఏం చేసేదాన్నో చెప్పనా? కిటికీ అద్దంలో నస్రీన్ చెయ్యి కనిపించే చోటు చూసుకుని నిలబడేదాన్ని. ఆమె రాసింది చూసి నేనూ అదే రాసేదాన్ని. ఇద్దరి లెక్కా కలిసిందని సిస్టర్ తల ఊపేవారు. నస్రీన్ ఒక్కసారి పొరబడితే చాలు, ఇద్దరం కలిసి పొరబడతామని నాకు తెలుసు. తెలిసి కూడా అద్దం వైపే నిలబడ్డాను.

ఆ రోజుల్లోనే చిన్న ఆసుపత్రుల నర్సులకు ఫోన్‌లోనే పాఠాలు చెప్పే ఒక సంస్థవాళ్లు సిస్టర్‌ను వెతుక్కుంటూ వచ్చారు. పన్నెండు పాఠాల ఆన్‌లైన్ కోర్సు. ప్రతి పాఠం చివర ప్రాక్టీసు ప్రశ్నలు ఉండాలి, అవి మీరు రాయాలి అన్నారు. ఆమె ఒప్పుకున్నారు. బీరువా తలుపు తెరిచి, దాని ముందు స్టూలు వేసుకుని, అంటించిన తప్పులన్నీ నోటుపుస్తకంలోకి ఎక్కించుకున్నారు. ప్రతి ప్రశ్నకూ నాలుగు జవాబులుంటే, అందులో మూడు తప్పు జవాబులు ఆ తలుపు మీద నుంచి వచ్చినవే. ఊహించి రాసిన తప్పు ఒక్కటి కూడా లేదని గర్వంగా చెప్పుకునేవారు.

మార్కుల దగ్గర మాత్రం పెద్ద లొల్లి జరిగింది. సంస్థవాళ్లు ప్రాక్టీసుకు కూడా మార్కులు ఉండాలన్నారు. మార్కులు లేకపోతే ఎవరూ చెయ్యరన్నారు. ఒక మధ్యాహ్నం డ్యూటీ గదిలో ఆమె ఫోన్ పట్టుకుని అరుస్తుంటే మేమందరం వరండాలో నిలబడి విన్నాం.

"చూడు సార్, నువ్వు మార్కులు వెట్టినవనుకో, మా పిల్లలు తప్పులు చేసుడు బంద్ జెయ్యరు, దాచిపెట్టుడు షురూ జేస్తరు. నాకు చేసిన తప్పుతోని భయం లేదు, దాసిన తప్పుతోని భయం. ఆఖరు పరీక్ష ఉన్నది గద, మీ మార్కులు గాడ పెట్టుకోన్రి. గీడ వద్దు. వద్దంటే వద్దు!"

చివరికి ఆమె మాటే నెగ్గింది. ప్రతి ప్రాక్టీసు పేజీ పైన రెండు వాక్యాలు పెట్టించారు: ఇక్కడ మార్కులు లేవు. ఎవరూ చూడరు. సరైన జవాబు నొక్కితే ఒక పచ్చ టిక్కు వచ్చి తర్వాతి ప్రశ్న వస్తుంది, అంతే. తప్పు నొక్కితే మాత్రం ఆమె గొంతు వినిపిస్తుంది. ఆ తప్పు ఎలా జరుగుతుందో, దానివల్ల బిడ్డకు ఏమవుతుందో అర నిమిషం చెబుతారు. రైటుకు కూడా ఏదన్నా మంచి మాట చెప్పొచ్చు కదా సిస్టర్ అని నస్రీన్ అడిగితే, "రైటు కొట్టినోళ్లకు నాతోని పనేంది?" అన్నారు.

మేమందరం ఆ కోర్సు చెయ్యాలన్నారు. నేను ఆ రెండు వాక్యాలను నమ్మలేదు. మార్కులు లేని ప్రశ్న ఉంటుందా? ఎవరూ చూడని తప్పు ఉంటుందా? ఎక్కడో ఎవరో చూస్తూనే ఉంటారు, ఎప్పుడో ఒకప్పుడు పైకి చదువుతారు, మళ్లీ గోడ పక్కన నిలబెడతారు. అందుకని చాయ్ టైములో నస్రీన్‌ను మాటల్లో పెట్టి జవాబులు రాబట్టి, కాగితం మీద రాసుకుని, ఇంటికి వెళ్లి తలుపు వేసుకుని వాటినే నొక్కేదాన్ని. పన్నెండు పాఠాలూ పచ్చ టిక్కులే. నా జన్మలో ఏ పుస్తకంలోనూ అన్ని టిక్కులు చూడలేదు. మా ఆయనకు కూడా చూపించాను.

అది ఎలా బయటపడిందంటే, ఒక రోజు చాయ్ దగ్గర నస్రీన్ నవ్వడం మొదలుపెట్టింది. "సిస్టర్, నాలుగో పాఠంల మూడో ప్రశ్న కాడ మీరు గింత సీరియస్‌గ చెప్తున్నరు, ఎన్కనుంచి కుక్కర్ సీటీ కొట్టవట్టె. నేను నవ్వి నవ్వి సచ్చిన!" తక్కినవాళ్లూ నవ్వారు. సిస్టర్ కూడా నవ్వారు. వంటింట్లోనే రికార్డు చేసేవారట, రోడ్డు చప్పుడు వినిపించని గది అదొక్కటేనట. నేనూ అందరితో పాటు నవ్వాను, కొంచెం గట్టిగానే నవ్వాను. ఆమె గ్లాసు కింద పెట్టి నా వైపు చూశారు.

"నీకెన్ని సీటీలు వినవడ్డయ్ బిడ్డా?"

"రెండు సిస్టర్" అన్నాను.

అందరూ లేచి వెళ్లాక నన్ను ఉండమన్నారు. "ఒక్కటే సీటీ. రెండోది రాకముందే నేను ఆపేసిన" అన్నారు. ఉద్యోగం పోయిందనుకున్నాను. "అన్నీ రైటేనా నీకు? మొదటిసారికే? గట్ల నాక్కూడ రాలే." ఇక దాచలేక కాగితం సంగతి, కిటికీ అద్దం సంగతి, అన్నీ చెప్పేశాను.

"ఫోన్ తియ్" అన్నారు. "నా ముందట తప్పు నొక్కు."

తెరిచాను. అదే నాలుగో పాఠం, మూడో ప్రశ్న. బిడ్డ బరువు ఆరు కిలోలు. ఫిట్స్ మందు కిలోకు ఐదు మిల్లీగ్రాములు. ఆంపుల్‌లో ఉన్నది రెండు ఎం.ఎల్., అందులో మందు వంద మిల్లీగ్రాములు. సిరంజిలోకి ఎంత తీయాలి? ఏ అంటే 0.3. బి అంటే 0.6. సి అంటే 6. డి అంటే 30. బి సరైనదని నాకు తెలుసు, నస్రీన్ చెప్పింది కాబట్టి.

"ఏది నొక్కాలె సిస్టర్?"

"ఏదన్న నొక్కు, తప్పుది."

మీరు నవ్వుకోవచ్చు గానీ, నా వేలు కదల్లేదు. ఆఖరికి కళ్లు మూసుకున్నట్టు చేసి ఏ నొక్కాను. ఎదురుగా కూర్చున్న మనిషి నోరు మూసుకుని ఉండగా, ఆమె గొంతు ఫోన్‌లోంచి వచ్చింది. "0.3 అన్నవా? ఆంపుల్ మీద మళ్ల చదువు. వంద మిల్లీగ్రాములు ఒక్క ఎం.ఎల్.ల లేవు, రెండిట్ల ఉన్నయ్. సగం మందే పోతది. బిడ్డకు ఫిట్స్ ఆగవ్. నువ్వేమో ఇచ్చేసిన అనుకోని ఊకుంటవ్." దాని వెనక కుక్కర్ ఒక్కసారి కూసింది. ఒక్కసారే. 0.6 ఎలా వస్తుందో అప్పుడు, ఆ తప్పు జవాబు విన్నాకే, నాకు మొదటిసారి అర్థమైంది.

డి కూడా నొక్కమన్నారు. ఫోన్‌లోంచి మళ్లీ అదే గొంతు. "ముప్పై అన్నది మందు బరువు, సిరంజి కొలత కాదు. ముప్పై ఎం.ఎల్. కావాలంటే పదిహేను ఆంపుల్స్ పలగ్గొట్టాలె. ఉన్నయా నీ బీరువల? నంబర్లు మరిచిపోయినా ఆంపుల్స్ లెక్కవెట్టు. ఒక్క పసిబిడ్డ కోసం రెండోది పలగ్గొట్టబోతున్నవంటే చెయ్యి ఆపు. మళ్ల లెక్క చూడు."

నాకు కొంచెం ధైర్యం వచ్చింది. సి మీదకు వేలు పోనిచ్చాను. ఆమె చటుక్కున నా చేతిలోంచి ఫోన్ తీసుకుని బోర్లా పెట్టేశారు. "అది ఇయ్యాల వద్దు. ఒక్కదానివే ఉన్నప్పుడు విను" అన్నారు. ఎందుకని అడగలేదు. ఆ తర్వాత నేను తప్పు జవాబులన్నీ, పన్నెండు పాఠాలవీ, ఒక్కొక్కటే నొక్కుతూ విన్నాను. ఆ సి ఒక్కటి మాత్రం వదిలేశాను. ఆమె ముఖం చూశాక దాన్ని ముట్టుకోవాలంటే నాకు భయం పట్టుకుంది.

కిందటి వానాకాలంలో ఒక మధ్యాహ్నం, సిస్టర్‌కు సెలవు రోజు, ఎనిమిది కిలోల బాబును తీసుకొచ్చారు. ఒళ్లంతా కొట్టుకుంటోంది, పెదవులు నల్లబడుతున్నాయి. తల్లి నా చున్నీ కొస పట్టుకుని వదలడం లేదు. నస్రీన్ ఆక్సిజన్ మాస్క్ పట్టుకుని ఉంది. డాక్టరుగారు మందు పేరు చెప్పి "కిలోకు ఐదు, జల్దీ" అని అరిచారు. వీపులు ఆనించుకుని నిలబడే తీరిక ఎక్కడుంది? నేనే లెక్క కట్టాను. ఎనిమిది ఐదులు నలభై. నలభై మిల్లీగ్రాములంటే ఇంత అని నా బుర్రలో ఒక నంబరు పడింది. ఎనిమిది. చిన్న సిరంజి చాలదని పెద్ద సిరంజి తీసుకున్నాను. అప్పుడైనా తట్టాలి కదా, తట్టలేదు. మొదటి ఆంపుల్ మెడ విరిచి మందంతా లాగాను. రెండోది అందుకుని విరిచాను.

ఆ గాజు టక్కున విరిగిన చప్పుడుకు నా చెయ్యి ఆగిపోయింది. ఆలోచించి ఆపానని చెప్పను, అది అబద్ధం. ఆ గొంతు వినిపించింది, కుక్కర్ సీటీతో సహా. చెయ్యి ఆపు. మళ్ల లెక్క చూడు. "నస్రీన్, నలభై మిల్లీగ్రాములకు ఎంత? జల్దీ చెప్పు!" అని అరిచాను. ఆమె మాస్క్ పట్టుకునే లెక్కగట్టి "సున్నా పాయింట్ ఎనిమిది" అంది. సిరంజిలో ఉన్నది పారబోసి, చిన్న సిరంజిలోకి మళ్లీ తీసి ఇచ్చాం. కాసేపటికి బాబు ఒళ్లు సడలింది. సాయంత్రానికి తల్లి పాలు తాగాడు. నేను స్టోరు గదిలోకి వెళ్లి నేల మీద కూర్చుండిపోయాను.

నా నోట ఎనిమిది అన్న మాట రాలేదు కాబట్టి ఆ నంబరు ఎవరికీ తెలియదు. రెండో ఆంపుల్ చేతిలోంచి జారి పగిలిందని రాసేస్తే ఐపోయేది. రాత్రంతా ఆ వాక్యమే తిప్పి తిప్పి అనుకున్నాను. పొద్దున సిస్టర్ బస్సు దిగి, బ్యాగు ఇంకా భుజాన ఉండగానే మొత్తం చెప్పేశాను. ఆమె తిట్టలేదు. మెచ్చుకోనూ లేదు. మెల్లగా స్టూలు మీద కూర్చున్నారు.

"బాబు?"

"మంచిగున్నడు సిస్టర్. పాలు తాగిండు."

"ప్లాస్టరేది?"

"రాయలే. తొందరల..."

"ఇప్పుడు రాయి."

మణికట్టు మీది చుట్ట విప్పి ఒక ముక్క చించి ఇచ్చారు. 8 అని రాశాను. బీరువా తలుపు తెరిచి అంటించాను. ఆమె లేచి వచ్చి, అన్నిటికంటే పైన పసుపుపచ్చగా మారిపోయిన ఒక ముక్కను వేలితో తాకారు. దాని మీద 6 అని ఉంది. సర్కారు దవాఖానా నుంచి వచ్చేటప్పుడు ఆమె వెంట తెచ్చుకున్నది అదొక్కటేనట.

"గది నాది" అన్నారు. "పెండ్లయిన కొత్తల. ఆరు కిలోల బిడ్డ. మూడు ఆంపుల్స్ పలగ్గొట్టిన, ఒక్కటి కూడ నన్ను ఆపలే. సగం గుచ్చినంక తెలిసింది. దాయలే నేను. వార్డంత వినవడేటట్టు మొత్తుకున్న. డాక్టర్లు ఉరికొచ్చిన్రు."

"బతికిండా సిస్టర్?" అని అడిగాను.

"బతికిండు. మూడు దినాలకు కండ్లు తెరిచిండు. గా మూడు దినాలు నేను గోడ పట్టుకోని నడిచిన." నవ్వారు. "ఇగ ఇడ్వనే లేదు గోడను."

అవి మోకాళ్ల నొప్పులు కావని అప్పుడు తెలిసింది. ఆ సి జవాబు ఎవరిదో కూడా తెలిసింది. తెలిశాక దాన్ని నొక్కడం మరీ కష్టమైపోయింది.

ఆ పిల్లవాడు బతికాడు కాబట్టి ఆమె ఆ కథ చెప్పగలిగారేమో. బతకకపోయి ఉంటే మాకు పెద్ద సిస్టర్ దొరికేవారా, ఆ కోర్సు ఉండేదా, నా చెయ్యి ఆగేదా? ఇలాంటివి ఆలోచించడం మొదలుపెడితే నాకు నిద్ర పట్టదు.

ఆ ఆదివారం సాయంత్రమే మలక్‌పేటలో ఆమెను మట్టి చేసి వచ్చేటప్పుడు ఆమె కూతురు నన్నూ నస్రీన్‌నూ పట్టుకుని ఏడ్చింది. అమ్మ ఎప్పుడూ మీ ముచ్చట్లే చెప్పేదంది. "గా రికార్డింగులు జేసినన్ని దినాలు మమ్ములను వంటింట్లకు రానియ్యలే. అన్నీ ఐదు నిమిషాలల్ల అయిపోతుండె. ఒక్కదానికి మాత్రం సాయంత్రమంత తలుపేసుకోని కూసున్నది. బయటికొచ్చినంక అన్నం గూడ తినలే. ఏం చెప్పిందో ఏమో" అంది. ఏ రికార్డింగో నాకు తెలుసని ఆ పిల్లకు చెప్పలేదు.

అక్కడే గేటు దగ్గర డాక్టరుగారు నన్ను పక్కకు పిలిచారు. సోమవారం నుంచి కొత్త నర్సుల లెక్కలు నేనే చూడాలన్నారు. నేను వద్దన్నాను. నస్రీన్ నాకంటే నయమన్నాను. ఆయన ఒప్పుకోలేదు. "పెద్ద సిస్టర్ నీ పేరే చెప్పింది, మొన్ననే. 'దానికి మస్తు భయం, దానికే ఇయ్యున్రి' అన్నది" అన్నారు. అది పొగడ్తో కాదో నాకు ఇప్పటికీ తెలియదు. ఇన్నాళ్లూ నేను తప్పు రాసినా అటు తిరిగితే ఆమె ఉండేవారు. ఇప్పుడు పదహారు మంచాల పిల్లలకూ ఆఖరున చూసే కళ్లు నావి.

సోమవారం అందరికంటే ముందు వచ్చాను. డ్యూటీ గదిలో ఆమె స్టీలు గ్లాసు బోర్లించి ఉంది. ప్లాస్టర్ చుట్ట మేకుకు తగిలించి ఉంది, కూతురు నిన్ననే డాక్టరుగారితో పంపించిందట. తలుపు వేసి, ఫోన్ తీసి, నాలుగో పాఠం తెరిచాను. పైన ఆ రెండు వాక్యాలు. ఇక్కడ మార్కులు లేవు. ఎవరూ చూడరు. సి నొక్కాను.

ముందు ఏమీ వినిపించలేదు. ఫోన్ చెడిపోయిందేమో అనుకున్నాను. తర్వాత వెనక ఫ్యాన్ తిరుగుతున్న చప్పుడు తెలిసింది. దూరంగా, ఆ వంటింట్లోకి కూడా చేరిన కూరగాయల బండివాడి కేక. ఎవరో గట్టిగా ఊపిరి తీసుకున్నారు, మాట్లాడబోయి ఆగారు, మళ్లీ తీసుకున్నారు. తక్కిన ప్రతి తప్పుకూ అంత వివరంగా చెప్పిన మనిషి ఇక్కడ ఒక్క కారణమూ చెప్పలేకపోయారు. అర నిమిషం దాదాపు అయిపోతుండగా, గొంతు సవరించుకుని, "ఆగు బిడ్డా" అన్నారు. "మళ్ల లెక్క చూడు." అంతే.

సాయంత్రమంతా కూర్చుని ఆమె చెప్పగలిగింది అంతేనన్నమాట. నేను ఏడుస్తుండగానే తలుపు తట్టారు. కొత్తగా చేరిన నర్సు, ట్రే పట్టుకుని నిలబడి ఉంది. మూడో మంచం పాపకు సూదిమందు టైమైందంది. నేను ముఖం తుడుచుకుని, మేకు మీది చుట్ట తీసి, ఇద్దరికీ చెరొక ముక్క చించాను. వీపులు ఆనించుకుని నిలబడ్డాం. నాకు ఎదురుగా కిటికీ అద్దం ఉంది. కళ్లు దించుకుని లెక్క కట్టాను.

"తిరుగు" అన్నాను. ఆ మాట నేను అనడం అదే మొదటిసారి.

నా చేతి మీద 1.5. ఆమె చేతి మీద 15.

నిజం చెబుతున్నాను, ఆ క్షణంలో ఎవరిది తప్పో నాకు తెలియలేదు. నాదే తప్పేమో అనిపించింది. అలవాటుగా పక్కకు చూశాను. పక్కన ఎవరూ లేరు. "ఆగు, మళ్ల చూద్దం" అన్నాను. "రెండు ఎం.ఎల్. ఆంపుల్. నీ లెక్కకు ఎన్ని పలగ్గొట్టాలె?" ఆ పిల్ల వేళ్ల మీద లెక్కపెట్టింది. ఎనిమిది దగ్గరికి వచ్చేసరికి ఆ వేలు ఆగిపోయింది. చేతి మీది ప్లాస్టర్ పీకి గుప్పిట్లో నలపబోయింది. ఆ చెయ్యి నేను పట్టుకున్నాను.

"పారెయ్యకు. పేరు రాయొద్దు, నంబరు చాలు" అన్నాను.

బీరువా తలుపు తెరిచాను. పైన ఆ పసుపుపచ్చని 6, దానికి కొంచెం కింద నా 8. ఆమె 15 ను వాటి పక్కన అంటించింది. అప్పటికే కొంచెం నలిగింది కదా, ఒక మూల అంటుకోకుండా లేస్తోంది. బొటనవేలితో దాన్ని గట్టిగా అదిమి, తలుపు మూశాను. మందు 1.5 దగ్గరికి తీశాం, ఇద్దరం చూశాం, మళ్లీ చూశాం. తర్వాత ఒక చేత్తో ట్రే పట్టుకుని, రెండో అరచెయ్యి గోడకు ఆనించి, మూడో మంచం వైపు నడిచాను.